నున్నని పొయ్యా? తీగ పొయ్యా?

పొయ్యి మారింది

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం. ఇవన్నీ ప్రకాశం సీమలో పడమటి వైపు ఊళ్ళు. ఒకప్పుడు ఇక్కడ ఏ ఇంట్లో చూసినా కట్టెల పొయ్యే. నల్లమల అంచు ఊళ్ళ ఆడవాళ్ళు అడవికి పోయి కట్టెలు తెచ్చుకునేవారు. మెట్ట ఊళ్ళలో కంది కట్టె, పత్తి కట్టె, సర్కారు తుమ్మ మొద్దులు కాల్చేవారు. పొగకు కళ్ళు మండేవి. దగ్గు వచ్చేది. గిన్నెలకు మసి పట్టేది.

1999లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల్లోని పేద ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. 2024 నవంబరు 1న దీపం-2 మొదలైంది. అర్హత ఉన్న ఇళ్ళకు ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితంగా ఇస్తామని ప్రభుత్వం చెప్పింది.

మూడు బండలు ఏడాదంతా అన్ని ఇళ్ళకూ సరిపోవు. ఒక్కోసారి బండ రావడం ఆలస్యం అవుతుంది. అందుకని చాలా ఇళ్ళలో రెండో పొయ్యి కావాలనుకుంటున్నారు. కరెంటు పొయ్యి వైపు చూస్తున్నారు. అంగడికి పోతే రకరకాల కరెంటు పొయ్యిలు ఉంటాయి. ఒకటి చవక. ఒకటి నున్నగా మెరుస్తుంటుంది. ఏది కొనాలి? ధర చూసి కొనాలా? మెరుపు చూసి కొనాలా?

రెండూ కాదు. ముందు మన ఇల్లు చూసుకోవాలి. మన గిన్నెలు, మన వైర్లు, మన బిల్లు చూసుకోవాలి. ఎలా చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మూడు రకాల పొయ్యిలు

చూడ్డానికి కరెంటు పొయ్యిలు రెండు రకాలు. తీగ కనిపించేది ఒకటి. నున్నని గాజు పలక ఉన్నది ఒకటి. కానీ గాజు పలక ఉన్నవాటిలో మళ్ళీ రెండు రకాలున్నాయి. కాబట్టి మొత్తం మూడు.

మొదటిది తీగ పొయ్యి. దీన్ని కాయిల్ హీటరు అని కూడా అంటారు. మట్టి బిళ్ళలో గాడులు ఉంటాయి. ఆ గాడుల్లో స్ప్రింగులా చుట్టిన తీగ ఉంటుంది. ఆ తీగను నికెల్, క్రోమియం అనే లోహాలు కలిపి చేస్తారు. కరెంటు పోతుంటే తీగ ఎర్రగా కాలుతుంది. ఇస్త్రీ పెట్టె లోపల జరిగేది కూడా ఇదే. కొన్ని తీగ పొయ్యిలకు తీగ మీద ఇనుప మూత ఉంటుంది. లేదా తీగ గొట్టం లోపల దాగి ఉంటుంది. అవి కాస్త మేలు. తీగ బయటికి కనిపించేవి చవక. ప్రమాదం కూడా వాటితోనే ఎక్కువ.

రెండోది గాజు పలక కింద తీగ కాలే పొయ్యి. దీన్ని ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు అంటారు. స్విచ్చి వేస్తే గాజు కింద ఎర్రగా వెలుగుతుంది. గాజు బాగా కాలుతుంది. ఆ వేడి గిన్నెకు ఎక్కుతుంది. అడుగు సమంగా ఉంటే చాలు, ఏ గిన్నె అయినా పెట్టొచ్చు.

మూడోది ఇండక్షన్ స్టవ్వు. దీనికీ గాజు పలకే ఉంటుంది. కానీ లోపల తీగ ఎర్రగా కాలదు. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో కరెంటు చాలా వేగంగా దిశ మారుతూ ఉంటుంది. అందువల్ల గాజు మీద అయస్కాంత శక్తి పుడుతుంది. ఆ శక్తి ఇనుప గిన్నె అడుగును తాకుతుంది. అప్పుడు గిన్నె అడుగులోనే వేడి పుడుతుంది. గిన్నె తీసేస్తే వేడి పుట్టడం ఆగిపోతుంది.

రెండోదీ మూడోదీ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. అంగట్లో చాలామంది పొరబడేది ఇక్కడే. కాబట్టి అడిగి తెలుసుకోవాలి. డబ్బా మీద పేరు చదవాలి. చదువు నేర్చినందుకు ఇలాంటప్పుడే ఉపయోగం.

అత్తాకోడళ్ళ మాట

మార్కాపురం దగ్గర ఒక ఊళ్ళో ఒక అత్తా కోడలూ ఉన్నారనుకుందాం. గ్యాసు బండ అయిపోయింది. వాళ్ళింటికి వైరింగు పని చేసే కుర్రవాడు వచ్చాడు. అతను పక్కింటివాడే.

"అత్తా, సంతలో కాయిల్ హీటరు చూశాను. చవకగా ఉంది. తెచ్చుకుందామా?" అంది కోడలు.

"గాజుది ఉంటుందంటగా. అది తుడుచుకోడానికి బాగుంటుంది" అంది అత్త.

"వదినా, కాయిల్ హీటరు మాత్రం వద్దు" అన్నాడు కుర్రవాడు.

"ఎందుకయ్యా? మా పుట్టింట్లో దాని మీద నీళ్ళు కాచేవాళ్ళు" అంది కోడలు.

"ఆ తీగ వట్టి తీగ వదినా. దాని మీద ఏ తొడుగూ ఉండదు. స్విచ్చి వేస్తే దాంట్లో కరెంటు ఉంటుంది. స్టీలు గిన్నె అడుగు సొట్టపడి తీగకు తగిలిందనుకో. గిన్నెకు కరెంటు వస్తుంది. గరిటెతో కలిపితే చేతికి వస్తుంది. పాలు పొంగినా, గంజి ఒలికినా ప్రమాదమే."

"స్విచ్చి ఆపేస్తే పోదా?" అంది అత్త.

"అన్ని ఇళ్ళలో పోదు పెద్దమ్మా. కొన్ని ఇళ్ళలో వైర్లు తారుమారుగా కలిపి ఉంటారు. అప్పుడు స్విచ్చి ఆపినా తీగలో కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకితేనే నమ్మకం."

అత్త మనవడి వైపు చూసింది. వాడికి మూడేళ్ళు. నేల మీద ఆడుకుంటున్నాడు.

"మనం నేల మీద కూచుని వండుకునేవాళ్ళం. వీడు ఊరుకుంటాడా? ఆ హీటరు వద్దులే అమ్మాయ్" అంది అత్త.

"సరే అత్తా. మరి గాజుదాంట్లో ఏది?" అంది కోడలు.

"ముందు మీ గిన్నెలు బయట పెట్టండి. చూద్దాం" అన్నాడు కుర్రవాడు.

గిన్నెల పరీక్ష

ఈ పరీక్షకు ఒక అయస్కాంతం కావాలి. పాత స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. ఫ్రిజ్‌కు అంటించే బొమ్మల వెనక కూడా ఉంటుంది.

అయస్కాంతాన్ని గిన్నె అడుగున పెట్టాలి. గట్టిగా అంటుకుంటే ఆ గిన్నె ఇండక్షన్ మీద పనిచేస్తుంది. జారి పడిపోతే పనిచేయదు.

అత్తా కోడలూ గిన్నెలన్నీ పరీక్షించారు. ఇలా తేలింది.

అన్నం వండే సిల్వరు గిన్నె: అంటుకోలేదు. సిల్వరు అని మనం పిలిచేది అల్యూమినియం.
సిల్వరు కుక్కరు: అంటుకోలేదు.
ఇత్తడి బిందె, రాగి చెంబు: అంటుకోలేదు.
మట్టి కుండ: అంటుకోలేదు.
రొట్టె పెనం: గట్టిగా అంటుకుంది. అది ఇనుము.
పప్పు వండే స్టీలు గిన్నె: అంటుకుంది.
పాలు కాచే స్టీలు గిన్నె: అంటుకోలేదు.

"రెండూ స్టీలే కదా! ఒకటి అంటుకుంది, ఒకటి అంటుకోలేదేంది?" అంది కోడలు ఆశ్చర్యంగా.

స్టీలులో రకాలున్నాయి. కొన్ని రకాలకు అయస్కాంతం అంటుకుంటుంది. కొన్నిటికి అంటుకోదు. అందుకే స్టీలు గిన్నె కొనేటప్పుడు కూడా అయస్కాంతం తీసుకుపోవాలి.

మరో మాట. గిన్నె అడుగు సమంగా ఉండాలి. గుండ్రటి అడుగున్న మూకుడు నున్నని పొయ్యి మీద నిలవదు. అడుగు మరీ చిన్నదైతే ఇండక్షన్ స్టవ్వు దాన్ని గుర్తించదు. గుర్తించకపోతే వేడి చేయదు.

ఇంట్లో ఉన్నవి ఎక్కువగా సిల్వరు గిన్నెలే అనుకోండి. ఇండక్షన్ కొంటే పొయ్యి ఒక్కటే కొంటే చాలదు. గిన్నెలు కూడా కొనాలి. కుక్కరు కూడా కొనాలి. ఆ ఖర్చు కలుపుకుని పొయ్యి ధర చూసుకోవాలి. కొత్త గిన్నెలు కొనే వీలు లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు గురించి ఆలోచించొచ్చు.

వైర్ల పరీక్ష

చాలా ఊళ్ళలో ఇళ్ళకు వైరింగు బల్బు కోసం, ఫ్యాను కోసం చేయించారు. పొయ్యి కోసం కాదు. బల్బుకు కరెంటు కొంచెం చాలు. పొయ్యికి చాలా కావాలి.

లెక్క చూద్దాం. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సుమారు 230 వోల్టులు. చిన్న ప్లగ్గు సాకెట్టు 6 ఆంపియర్లది.

230ని 6తో గుణిస్తే 1380. అంటే చిన్న సాకెట్టు మీద 1380 వాట్లకు మించి పెట్టకూడదు.

పెద్ద ప్లగ్గు సాకెట్టు 16 ఆంపియర్లది. 230ని 16తో గుణిస్తే 3680. అంటే 3680 వాట్ల వరకు తట్టుకుంటుంది.

ఇండక్షన్ స్టవ్వులు చాలావరకు 1200 నుంచి 2000 వాట్ల దాకా ఉంటాయి. 2000 వాట్ల పొయ్యిని చిన్న సాకెట్టులో పెడితే సాకెట్టు కాలుతుంది. గోడలో సన్న వైరు వేడెక్కుతుంది. వైరు తొడుగు కరుగుతుంది. మంటలు రావొచ్చు. పెద్ద ప్లగ్గును అడాప్టరుతో చిన్న సాకెట్టులో దూర్చడం కూడా అంతే ప్రమాదం.

కాబట్టి పొయ్యి కొనే ముందు ఈ మూడు పనులు చేయించాలి.

ఒకటి: 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించాలి. దానికి తగ్గ లావు వైరు మెయిను దగ్గర్నుంచి విడిగా వేయించాలి.
రెండు: ఎర్తు సరిగా ఉందో లేదో చూపించాలి. ఎండాకాలంలో ఇక్కడి నేల బాగా ఎండిపోతుంది. ఎర్తు గుంటలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి.
మూడు: కరెంటు బిల్లు మీద లోడు ఎంత ఉందో చదవాలి. 1 కిలోవాటు అంటే 1000 వాట్లు. బిల్లులో 1 కిలోవాటు ఉండి, ఇంట్లో 2000 వాట్ల పొయ్యి వాడితే లోడు చాలదు. కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి లోడు పెంచుకోవాలి.

సాయంత్రం పూట కొన్ని ఊళ్ళలో వోల్టేజి తగ్గుతుంది. అప్పుడు తీగ పొయ్యి నెమ్మదిగా కాలుతుంది. వోల్టేజి మరీ తగ్గితే ఇండక్షన్ స్టవ్వు తనంతట తానే ఆగిపోతుంది. కరెంటు పోతే ఏ కరెంటు పొయ్యీ పనిచేయదు. కాబట్టి గ్యాసు పొయ్యిని వదులుకోకూడదు. కరెంటు పొయ్యి తోడుగా మాత్రమే ఉండాలి.

బిల్లు పరీక్ష

1000 వాట్ల పొయ్యిని ఒక గంట వాడితే 1 యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. 2000 వాట్ల పొయ్యిని గంట వాడితే 2 యూనిట్లు.

తీగ పొయ్యిలో వేడి నాలుగు వైపులా పోతుంది. 100 పాళ్ళ కరెంటులో సుమారు 70 పాళ్ళ వేడి గిన్నెకు చేరుతుంది. గాజు కింద తీగ కాలే పొయ్యి కూడా దాదాపు అంతే. ఇండక్షన్‌లో సుమారు 85 పాళ్ళు చేరుతుంది.

అంటే 2 లీటర్ల నీళ్ళు మరిగించడానికి ఇండక్షన్ మీద సుమారు 0.2 యూనిట్ చాలు. తీగ పొయ్యి మీద సుమారు పావు యూనిట్ పడుతుంది. తేడా ఉంది. కానీ చాలామంది చెప్పుకునేంత పెద్ద తేడా కాదు.

ఇప్పుడు రేట్లు చూద్దాం. 2022 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు అమలైన రేట్లు ఇవి.

మొదటి 30 యూనిట్లకు, యూనిట్ 1 రూపాయి 90 పైసలు.
31 నుంచి 75 వరకు, యూనిట్ 3 రూపాయలు.
76 నుంచి 125 వరకు, యూనిట్ 4 రూపాయల 50 పైసలు.
126 నుంచి 225 వరకు, యూనిట్ 6 రూపాయలు.
226 నుంచి 400 వరకు, యూనిట్ 8 రూపాయల 75 పైసలు.

వాడకం పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది. పొయ్యికి అయ్యే యూనిట్లు బల్బు, ఫ్యాను యూనిట్ల మీద చేరతాయి. కాబట్టి వాటికి పై రేటు పడుతుంది. ఇది గుర్తు పెట్టుకోవాలి.

అత్తాకోడళ్ళ ఇంట్లో నెలకు 70 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. తీగ పొయ్యి పెడితే మరో 45 యూనిట్లు అయ్యాయనుకుందాం. మొత్తం 115.

పొయ్యి వల్ల పెరిగిన ఖర్చు ఇలా కట్టాలి.
71 నుంచి 75 వరకు 5 యూనిట్లు. 5 × 3 = 15 రూపాయలు.
76 నుంచి 115 వరకు 40 యూనిట్లు. 40 × 4.50 = 180 రూపాయలు.
మొత్తం 195 రూపాయలు.

అదే వంట ఇండక్షన్ మీద చేస్తే 37 యూనిట్లు చాలు. మొత్తం 107.
5 × 3 = 15 రూపాయలు.
76 నుంచి 107 వరకు 32 యూనిట్లు. 32 × 4.50 = 144 రూపాయలు.
మొత్తం 159 రూపాయలు.

195లో 159 తీసేస్తే 36. నెలకు 36 రూపాయలు మిగులు. ఏడాదికి 36 × 12 = 432 రూపాయలు.

"అంటే కొత్త గిన్నెల డబ్బు తిరిగి రావడానికి కొన్నేళ్ళు పడుతుందన్నమాట" అంది కోడలు.

"అవును వదినా. బిల్లు తగ్గుతుందని ఒక్కదాని కోసమే ఇండక్షన్ కొనొద్దు. అది కాలేది తక్కువ, మంట ఉండదు, వట్టి తీగ ఉండదు. దాని కోసం కొనాలి" అన్నాడు కుర్రవాడు.

బిల్లులో వేరే ఛార్జీలు కూడా ఉంటాయి. రేట్లు మారుతుంటాయి. మీ బిల్లు మీద ఉన్న రేటుతో మీరే లెక్క కట్టుకోండి.

సంగటి, రొట్టె, నీళ్ళు

ఈ పొయ్యిలు చేసేవాళ్ళు మన సంగటి కోసం చేయలేదు. మన వంటకు అవి ఎంతవరకు సరిపోతాయో మనమే చూసుకోవాలి.

సంగటి: రాగి సంగటిని తెడ్డుతో గట్టిగా కెలకాలి. గాజు పలక మీద గిన్నె జారుతుంది. బలం పెట్టి నొక్కితే గాజు పగలొచ్చు. మార్కాపురం పలక ఎలాంటిదో మనకు తెలుసు. ఎన్నాళ్ళయినా రాసుకోవచ్చు. చేయి జారితే మాత్రం పగులుతుంది. గాజు పలక కూడా అంతే. కాబట్టి ఎసరు పొయ్యి మీద కాగనివ్వాలి. పిండి పోసి ఉడకనివ్వాలి. తర్వాత గిన్నె నేల మీదికి దించి కెలకాలి.

రొట్టె: జొన్న రొట్టె, సజ్జ రొట్టె ఇనుప పెనం మీద కాలుస్తాం. అడుగు సమంగా ఉన్న పెనమైతే మూడు రకాల పొయ్యిల మీదా పనికొస్తుంది. ఇండక్షన్ మీద పెనం చాలా త్వరగా కాలుతుంది. వేడి తగ్గించి పెట్టుకోవాలి. రొట్టెను తీగ మీద నేరుగా కాల్చడం ఎప్పుడూ చేయకూడదు.

నీళ్ళు: ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు ఒలికితే గాజు మీద తెల్లని మరకలు పడతాయి. పొయ్యి చల్లారాక నిమ్మచెక్కతో రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. ఇసుకతో గానీ, ఇనుప పీచుతో గానీ తోమకూడదు. గాజు మీద గీతలు పడతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి. కానీ ఫ్లోరైడు పోదు. పొయ్యి ఏదైనా సరే. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళలో తాగడానికి మంచినీళ్ళే తెచ్చుకోవాలి.

ఎవరికి ఏది మేలు?

చంటిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇల్లు: ఇండక్షన్ మేలు. వంట అయ్యాక గాజు తొందరగా చల్లారుతుంది. అయినా గిన్నె వేడికి గాజు కొంచెం కాలుతుంది. వెంటనే చేయి పెట్టకూడదు.

సిల్వరు గిన్నెలే ఉండి, కొత్తవి కొనలేని ఇల్లు: ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు. కానీ స్విచ్చి ఆపాక కూడా గాజు చాలాసేపు కాలుతూ ఉంటుంది. పిల్లలు ముట్టుకోకుండా ఎత్తున పెట్టాలి.

గుండె దగ్గర పేస్‌మేకరు అనే పరికరం పెట్టించుకున్న మనిషి ఉన్న ఇల్లు: ఇండక్షన్ కొనే ముందు డాక్టరును అడగాలి.

వైరింగు పాతదైన ఇల్లు: ఏ కరెంటు పొయ్యీ వద్దు. ముందు వైరింగు బాగుచేయించాలి. ఆ తర్వాతే పొయ్యి.

తీగ బయటికి కనిపించే హీటరు: ఏ ఇంటికీ మంచిది కాదు. చదువు కోసం ఒంగోలులోనో, హైదరాబాదులోనో గదుల్లో ఉండే పిల్లలు ఇది కొంటుంటారు. మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఏది కొన్నా ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి. రసీదు, గ్యారంటీ కార్డు అడిగి తీసుకోవాలి.

వాడేటప్పుడు జాగ్రత్తలు

తడి చేతులతో స్విచ్చి, ప్లగ్గు ముట్టుకోకూడదు.
గాజు పలక పగిలితే ప్లగ్గు పీకేయాలి. మళ్ళీ వాడకూడదు. పగుల్లోంచి నీళ్ళు లోపలికి దిగితే షాకు కొడుతుంది.
ఇండక్షన్ స్టవ్వుకు అడుగునో వెనకనో గాలి పోయే సందులు ఉంటాయి. గోడకు ఆనించి పెట్టకూడదు. గుడ్డ మీద పెట్టకూడదు.
వంట అయిన వెంటనే ఇండక్షన్ ప్లగ్గు పీకొద్దు. లోపల ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అది ఆగాక పీకాలి.
గ్యాసు బండ పక్కన కరెంటు పొయ్యి పెట్టకూడదు.

ఎవరికైనా షాకు కొడితే వాళ్ళను ముట్టుకోకూడదు. ముందు మెయిను ఆపాలి. మెయిను దూరంగా ఉంటే ఎండు కర్రతో వైరును పక్కకు నెట్టాలి. 108కి ఫోను చేయాలి.

చేయి కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్ళ ధార కింద పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు పూయకూడదు. పెద్దగా కాలితే ఆసుపత్రికి పోవాలి.

కరెంటు వైర్లు తెగినా, స్తంభం దగ్గర నిప్పులు రాలినా 1912కు ఫోను చేయాలి. గ్యాసు లీకైతే 1906కు చేయాలి. ఈ మూడు నంబర్లు వంటింటి గోడ మీద పెద్ద అంకెలతో రాసుకోండి.

చివరికి ఏం కొన్నారు?

అత్తాకోడళ్ళు ఆ నెల పొయ్యి కొనలేదు. ముందు 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించారు. ఎర్తు బాగుచేయించారు. లోడు కోసం అర్జీ రాసి ఇచ్చారు. ఆ అర్జీ కోడలే రాసింది. తర్వాతి నెల ఇండక్షన్ స్టవ్వు కొన్నారు. అయస్కాంతం పెట్టి చూసి, అన్నానికి ఒక స్టీలు గిన్నె కొన్నారు. పప్పు గిన్నె, రొట్టె పెనం ఉన్నవే సరిపోయాయి. కుక్కరు గ్యాసు మీదే పెడుతున్నారు.

ప్రశ్నలు

1. గాజు పలక ఉన్న పొయ్యిలు ఎన్ని రకాలు? వాటి పేర్లు ఏమిటి?
2. అయస్కాంతం అంటుకోని గిన్నె ఇండక్షన్ మీద ఎందుకు పనిచేయదు?
3. తీగ బయటికి కనిపించే హీటరు ఎందుకు ప్రమాదం?
4. సంగటిని గాజు పలక మీద ఎందుకు కెలకకూడదు?

లెక్కలు కట్టండి

1. 1500 వాట్ల పొయ్యిని రోజుకు ఒక గంట వాడితే 30 రోజులకు ఎన్ని యూనిట్లు?
2. మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. ఈ నెల ఎన్ని యూనిట్లు కాలాయి? లోడు ఎంత? పలక మీద రాయండి.
3. పై లెక్కలో వచ్చిన యూనిట్లు మీ బిల్లుకు కలపండి. ఎన్ని రూపాయలు పెరుగుతాయి?

చేసి చూడండి

మీ ఇంట్లోని గిన్నెలన్నీ అయస్కాంతంతో పరీక్షించండి. అంటుకున్నవి ఒక వరుసలో, అంటుకోనివి ఒక వరుసలో రాయండి. మీ సంఘం సమావేశంలో చదివి వినిపించండి.